ముందు బ్రేకు లేని ఊరు

కృష్ణపట్నం రేవు దగ్గర లారీలు బారులు తీరే చోట నా ఆఫీసు. నిండు బరువుతో వచ్చి గట్టిగా ఆగిన లారీ చక్రాల నుంచి కాలిన బ్రేకు వాసన వస్తుంది. తోటివాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను కుర్చీ పట్టుకుంటాను. కుర్చీ ఎక్కడికీ పోదని నాకు తెలుసు. నా చేతులకే ఇంకా నమ్మకం కుదరలేదు.

మాది పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుకలో ఇరుక్కున్న పల్లె. అన్నంలో ఇసుక, పక్కలో ఇసుక, పలక మీద ఇసుక, వేసవంతా వాకిళ్లలో ఎండే నెత్తళ్ల చేపల వాసన, సాయంత్రం అయితే ఉప్పుగాలికి జిగటగా ఒంటికి అతుక్కునే గౌను. నాన్న పడవ ఇంజిన్లు బాగుచేసేవాడు. డాక్టరులాగా చెవి ఆనించి వినేవాడు, కాకపోతే ఆయన రోగులు పొగ వదిలేవి. ఇసుకలో మోటార్‌సైకిల్ ముందు బ్రేకు నొక్కితే చక్రం పూడుకుపోయి మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. అందుకని మా ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా నాన్న దగ్గరికి వచ్చి ముందు బ్రేకు తీగ ఊడదీయించుకునేవాళ్లు. నాన్న బండికీ లేదు. అందులో వింత ఉందని మాకెవరికీ తోచలేదు.

దసరా సెలవులకు మేనత్త ఊరికి పోయేవాళ్లం. అది వెలిగొండల అవతల; ఎర్రమట్టి బాటలో కొండెక్కి, అటువైపు దిగాలి. మేం నెత్తళ్ల మూట తీసుకుపోతే అత్త సీతాఫలాలు, అలసంద వడలు, నెయ్యి కారే సజ్జరొట్టెలు పెట్టేది. ఒక ఏడు బండి సగం కొండ మీదే మొరాయించింది. అమ్మ దిగింది, నేను దిగాను, చివరికి నాన్న కూడా దిగి నెట్టాడు. ఎదురొచ్చిన మామ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏం బావా, పడవను కొండకు తోలుకొచ్చినావే! తెడ్డు మరిచిపోయినావా?"

నాన్న నవ్వాడు. మా ఊరికి తిరిగి వచ్చీరాగానే ఇంజిన్ విప్పాడు.

ఆ మరుసటేడు దసరా దాకా మా వసారాలో నడవడానికి చోటు లేదు. గాజుపలక మీద గరుకుకాగితం పరిచి ఇంజిన్ పైమూత హెడ్డును రోజుల తరబడి రుద్ది పలచన చేశాడు. లోపల చోటు తగ్గితే మంట గట్టిగా తంతుందట. గాలి పోయే దారులను ఆకురాయితో వెడల్పు చేశాడు, కార్బురేటర్‌లో పెట్రోలు దూరే బెజ్జం పెద్దది వేశాడు, వెనక చైను చక్రం మార్చి పళ్లు ఎక్కువున్నది బిగించాడు. మొదటిసారి కిక్కు కొట్టినప్పుడు పీతలు కలుగుల్లో దూరాయి, నాయనమ్మ చెవుల్లో దూది దూరింది. అంత గోల చేసే హక్కు అప్పటిదాకా మా ఊళ్లో తుపానుకే ఉండేది.

బండి కొండెక్కింది. ట్యాంకు మీద నేను, వెనక అమ్మ, అమ్మ వెనక క్యారియర్‌కు వలతాడుతో కట్టిన నెత్తళ్ల మూట; దడదడలాడుతూ, రాళ్లు ఎగజిమ్ముతూ, ఒక్కచోట కూడా ఆగకుండా ఎక్కింది. పైకి చేరేసరికి నా కాళ్ల కింద ఇంజిన్ పెనంలా కాలుతోంది.

"బాగా కాగింది మే," అన్నాడు నాన్న. "కట్టేస్తా, చల్లబడతాది. దిగేదానికి ఇంజిన్ ఎందుకు?"

"దానంతట అది దిగతాదా?" అంది అమ్మ.

"దిగక యాడికి పోతాది!"

వాలులో గేరులో ఉన్న ఇంజినే చక్రాన్ని పట్టి ఆపుతుందని కొండవాళ్లకు తెలుసు. నాన్నకు తెలిసింది పడవ. ఇంజిన్ కట్టేస్తే నీళ్లే దాన్ని పట్టుకుంటాయి. గేరు తీసేశాడు.

అంత గోల తర్వాత నిశ్శబ్దం. మొదటి మలుపు దాకా బాగుంది. రెండో మలుపు దగ్గర ఆ కాలిన బ్రేకు వాసన మొదలైంది. మూడో మలుపుకు వెనక బ్రేకు చివరిదాకా తొక్కినా బండి వినలేదు. ఎడమ పక్కన నేల లేదు. చెట్ల తలలు మా కాళ్ల కిందుగా పరిగెడుతున్నాయి. నాన్న కుడిచేతి నాలుగు వేళ్లూ ముందు బ్రేకు పిడిని నొక్కాయి. తీగలేని పిడి వట్టిగా వచ్చి హ్యాండిల్‌కు తగిలింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కుమంది. నా వీపుకు ఆనిన నాన్న గుండె ఆ ఇంజిన్‌కన్నా గట్టిగా కొట్టుకుంటోంది. ఏం చేయాలో నాన్నకు తెలియదని నాకప్పుడు అర్థమైంది. నాకు తొమ్మిదేళ్లు, అంతకుముందెప్పుడూ అలా జరగలేదు.

అమ్మ వెనక్కి తిరిగింది. వలతాడు ముడి సడలించి మూటను కిందికి తోసింది. తాడు కొస క్యారియర్‌కే ఉంది. లంగరు పడినట్టు మూట నేలను కొట్టుకుంటూ, చిరుగుతూ, నెత్తళ్లు కక్కుకుంటూ మమ్మల్ని వెనక్కి గుంజింది. బండి కాస్త నెమ్మదించగానే నాన్న దాన్ని కుడివైపు కొండగట్టు మీదికి, ముళ్లపొదలోకి తిప్పాడు.

"పాపా, బతికుండావా?" అంది అమ్మ పొదలోంచి.

"ఉండా."

"అయితే చేపలేరు."

నడిచి ఎదురొచ్చిన మామ నోరు తెరిచాడు. బాట మీద మూట ఈడ్చుకొచ్చిన చారనూ, దాని పక్కనే ఉన్న లోయనూ చూసి నోరు మూశాడు. మామ నవ్వకపోయేసరికి నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

తిరిగి బస్సులో వచ్చాం. ఆ వారమంతా నాన్న ఊళ్లోని ప్రతి బండికీ, అడిగినా అడక్కపోయినా, ముందు బ్రేకు తీగ బిగించాడు. ఇసుకలో పడ్డవాళ్లు వరసగా వచ్చి తిట్టిపోయారు. నాన్న తలవంచుకుని విన్నాడు, ఒక్కటీ ఊడదీయలేదు.

ఇప్పుడు ఆ కొండకు తారు రోడ్డు, అంచున ఇనప కంచె. మా ఊళ్లో సిమెంటు పడింది. బండి పడటానికి ఇసుక వెతుక్కోవాలి. ఆకురాయి పట్టి ఇంజిన్ తెరిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నాన్న ఇప్పుడు నా స్కూటర్ మీద వెనక కూర్చుంటాడు. సూళ్లూరుపేట పోయేటప్పుడు వంతెన దిగుతుంటే నా కుడిభుజం మీద నాలుగు వేళ్లు బిగుసుకుంటాయి. నేను వేగం తగ్గిస్తాను. ఇన్నాళ్లకు ఆ బ్రేకు పనిచేస్తోంది.