సగానికి తెంపిన కార్డు బాకీ

ఎనిమిదో తరగతి నన్ను రెండేండ్లు మోసింది. ఇంక మోయలేక దించేసింది. ఆ పొద్దుతో మార్కుల పీడ వదిలిందనుకున్నాను. నలభై దాటినాక ఆళ్లగడ్డ బ్యాంకులో ఒకాయన కంప్యూటర్ చూసి, "నీ స్కోరు బాగలేదప్పా" అన్నప్పుడు తెలిసింది, నాకు చెప్పకుండా ఎవరో ఇన్నాళ్లూ నా పేపర్లు దిద్దుతానే ఉండారని.

నాది రాతిపని. బాడుగ మిషన్‌తో రాయి కోసేవాణ్ణి. వచ్చిన కూలిలో సగం బాడుగకే పోతాంటే, సొంతానికి కోత మిషన్ కొందామని లోను అడగబోతే పాత క్రెడిట్ కార్డు బాకీ అడ్డం పడింది. నంద్యాలలో ఫోను కొననీకి పోయినప్పుడు, బ్యాగు ఉత్తగా ఇస్తామంటే ఆశపడి తీసుకున్న కార్డు అది. బ్యాగు జిప్పు నెలకే ఊడింది. బాకీ మాత్రం గట్టి సరుకు, ఏండ్లు గడిచినా చెక్కుచెదరలేదు.

మా మామ, అంటే నా పెండ్లాం నాయన, ఎరువులంగళ్ల బాకీలు తగ్గించి తెంపడంలో పేరున్న పెద్దమనిషి. మా తట్టు పంట పోతే రైతు, అంగడాయప్ప ఇద్దరూ ఆయన ముందర కూర్చుంటారు. సగానికో ముక్కాలుకో తెగుతుంది. టీలు తాగుతారు. మళ్లా పైరుకు అదే అంగట్లో అప్పు పుడుతుంది. ఎవరికీ నామోషీ లేదు.

అందుకే కార్డు బాకీ వసూలు చేసే ఆయప్ప ఫోన్ చేసినప్పుడు మామ నా చేతిలోంచి లాక్కున్నాడు. పంట పోయిన రైతు మాదిరే నా కష్టాలన్నీ ఏకరువు పెట్టి, సగానికి తెంపినాడు. మర్నాడు సాయంత్రం లోపల కట్టాల.

"చూసినావా అల్లుడా! బ్యాంకైనా ఎరువులంగడైనా మనిషి మనిషే."

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. సులువుగా వచ్చే లాభమంటే నాకు భయం. పొద్దున్నే నంద్యాల బస్సెక్కినాను. కార్డిచ్చిన బ్యాంకు ఆడుంది. సీటు దొరికినా కూర్చోలేను, లేస్తాను, మళ్లా కూర్చుంటాను. శిరివెళ్ల దాటినాక కండక్టర్ మెల్లగా అడిగినాడు, "ఏమన్నా, మూలశంకా?"

బ్యాంకులో మేడం విషయమంతా విని, "సగం కడితే ఫోన్లు ఆగుతాయి. కానీ మీ క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. అంటే పూర్తిగా కట్టలేదని. అది ఏండ్ల తరబడి ఉంటుంది. మిషన్‌కు లోనిచ్చేవాళ్లు దాన్ని చూసే వెనక్కి పోతారు" అంది.

"మా ఊర్లో తెంపుకున్నాక గూడా అప్పిస్తారు మేడం."

"మీ ఊర్లో మొహం చూసి ఇస్తారు. ఇక్కడ రిపోర్టు చూస్తారు."

"నా మొహం చూస్తే ఆడగూడ పుట్టదులే."

మేడం నవ్వి దారి చెప్పింది. లేటు ఫీజులు మాత్రం తీసేయమని అడిగి, తక్కినదంతా కట్టాల. 'క్లోజ్డ్', అంటే బాకీ పూర్తిగా తీరిందని వేస్తామని ముందే రాయించుకోవాల. దుడ్లు ఎవరి చేతికీ ఇవ్వకుండా కార్డు ఖాతాలోనే వేయాల.

పూర్తిగా కట్టాలంటే, మిషన్ లోనుకు నా వంతుగా దాచిన దుడ్లే తీయాల. కట్టకపోతే లోను రాదు. కడితే చేతిలో ఏమీ మిగలదు. బయటికొచ్చి గోడ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతాంటే, చెరుకురసం బండాయప్ప, "యాడన్నా నిలబడన్నా, నాకు కండ్లు తిరుగుతాండాయి" అన్నాడు.

అంతలో వసూలు ఆయప్ప ఫోను.

"కడ్తాండారా?"

"కడ్తా. సగం కాదు, పూర్తిగా కడ్తా."

"సార్, ఒళ్లు బాగుందా?" అన్నాడు.

"బాగుంది. లేటు ఫీజులు తీసేసి, క్లోజ్డ్ అని రాసి పంపు."

ఎక్కువ కట్టడానికి బేరమాడేవాణ్ణి ఆయప్ప జన్మలో చూసుండడు. పైవాళ్లనడిగి మధ్యాహ్నానికి మెయిల్ పంపినాడు. మేడంకు చూపించి, ఆడనే కట్టేసినాను.

తెంపిన బేరాన్ని మట్టిపాలు చేసినానని మామ నాతో మాట మానేసినాడు. నేను మళ్లా బాడుగ మిషనే పట్టుకుని, రూపాయి రూపాయి దాస్తా ఉన్నాను. దుమ్ము చేతులతోనే ఫోను తీసి రిపోర్టు చూసేవాణ్ణి. నెలకోసారి మారేదాన్ని పొద్దుకు నాలుగుసార్లు చూస్తే ఏమొస్తుందని పెండ్లాం తిట్టేది. చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. 'క్లోజ్డ్' అని పడినాక గూడా, మళ్లా మారిపోతుందేమోనని చూసేవాణ్ణి.

లోను మంజూరైన రోజు బ్యాంకు నుంచి నేరుగా మామ ఇంటికే పోయినాను.

"మామా, బ్యాంకోళ్లు నన్ను నమ్మినారు. నువ్వే ఇంగా నమ్మల్యా."

ఆయన తలగూడా ఎత్తలేదు. "లోనిచ్చేది ఏముందప్పా! పిల్లనిచ్చి చూడమను, అప్పుడు తెలుస్తాది."