మొగలి పొదకు కొడవలి గండం

కీసర దగ్గర ప్లాట్ల కోసం నేల చదును చేస్తున్నారు. వాగు ఒడ్డున మిగిలిన ఒకే ఒక్క మొగలి పొద యంత్రం కిందికి పోబోతోంది. సరిగ్గా ఆ ఉదయం నేను అటు వెళ్ళాను. దాన్ని అదృష్టం అనను; అలాంటిదొకటి ఉందని నేను నమ్మను. ముళ్ళు చేతులు చీరుతున్నా పిలకలు పెరికి, గోనెసంచిలో చుట్టి, స్కూటరు మీద శామీర్‌పేటలో మా ఇంటి దగ్గరి చెరువుకు తెచ్చేశాను.

చెరువు తగ్గి ఇసుక తేలిన చోట నాటుతుంటే, పక్కనే వలలు ఆరేస్తున్న ఆవిడ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. భార్యాభర్తలిద్దరూ ఆ చెరువులోనే చేపలు పడతారు.

"ఏంది సారూ, మొగలా? పువ్వు వాసనకు నాగుంబాములొస్తయి. మేం సీకట్ల తిరిగేటోళ్ళం."

"పాముకు పువ్వు మీద మోజేంది అక్కా? తిండి కోసం తిరుగుతది. పాము వస్తే ఈ పొదను నువ్వే నరికెయ్యి, పో!"

"మాట మీదుండాలె మల్ల."

మూఢనమ్మకాల మీద ఎన్నో చర్చావేదికలెక్కిన నేను, ఎప్పుడూ పాములు తిరిగే చెరువు ఒడ్డున నిలబడి 'పాము వస్తే' అని పందెం కాశాను!

పిలకలు ఏపుగా పెరిగి పొదయ్యాయి. ఇంకా పూత లేదు. ఓ వానాకాలం పొద్దున ఫోన్ మోగింది.

"జల్దీ రా సారూ. వచ్చింది నీ సుట్టం!"

పరుగెత్తాను. ఆమె చేతిలో కొడవలి, పొద మొదట్లో విషం లేని నీరుకట్టె పాము, దాని నోట్లో కప్ప. ఆ కప్పను చూడగానే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"అక్కా, పువ్వేది? పువ్వే లేకుంటే వాసనెక్కడిది? వాసన లేకుంటే ఇదెందుకొచ్చింది?"

ఆమె ఆకుల్ని కొడవలి కొనతో పక్కకు తోసి చూసింది. వల బాగు చేసుకుంటున్న మొగుడు పగలబడి నవ్వాడు.

"బువ్వకొచ్చిందే! గది మనలెక్కనే."

"నువ్వు నోర్ముయ్యి," అని, ఆమె నా వైపు తిరిగింది. "సరే. పూసినంక సూస్తా. అప్పుడు నాగుంబాము కనబడితే మొదలంట నరుకుడే."

ఈ శ్రావణంలో పూసింది! గాలి ఇటు మళ్ళగానే వాసన అందింది; చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. లేత పసుపు రేకుల పొత్తి ముళ్ళాకుల మధ్య విచ్చుకుని ఉంది. ఆమె అప్పటికే కర్రతో పొదంతా వెతుకుతోంది.

"ఉన్నదా?"

"లేదు."

"చూసినవా! నేను చెప్పలే?"

"ఆగు సారూ. ఇయ్యాల లేదు. రేపొస్తేనో? పువ్వు వాడిందాంక సూడాలె గదా. గంత తొందరేంది నీకు?"

ఇన్నేళ్ళుగా వేదికల మీద నేను గొంతు చించుకుని అడిగింది ఇదే కదా: చూడండి, మళ్ళీ చూడండి, ఆ తర్వాతే ఒప్పుకోండి!

రోజూ చూశాం. పువ్వు వాడి నల్లబడేదాకా చూశాం. కప్పలొచ్చాయి. నీరుకట్టె ఇంకోసారి వచ్చింది. నాగుపాము రాలేదు.

రెండో పొత్తి వచ్చిన పొద్దున ఆమె కొడవలి ఎత్తింది. అడ్డం వెళ్ళబోయాను. ఆమె పొత్తి మాత్రం కోసి, రేకు చీల్చి జడలో దోపుకుంది. అటుగా వచ్చిన ఇంకో ఆవిడ గట్టు మీది నుంచి అరిచింది.

"నెత్తిల మొగలి పెట్టినవేందే? పాములు రావా?"

"నెత్తిల కప్పలున్నయా, వచ్చెతందుకు?" అంది మా అక్క.