వెర్నా హుడాక్ సర్దిన తొట్టి

వెర్నా హుడాక్‌కి ఖాళీ అంటే కిట్టదు. గాలి తప్ప ఏమీ లేని చోటు కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. ఇరవై తొమ్మిదేళ్ళు కిరాణా గోదాములో ట్రక్కులకి సరుకు ఎక్కించిన మనిషి. ఆవిడ సర్దిన ట్రక్కులో అట్టపెట్టె ఒక్కటి కదిలిందని ఏ డ్రైవరూ తిరిగొచ్చి చెప్పలేదు. రిటైరయ్యాక, పెన్సిల్వేనియాలో ఓ నది ఒడ్డు మిల్లు ఊళ్ళల్లో ఎవరి ఇల్లు ఖాళీ చెయ్యాలన్నా ఆవిడకే ఫోను. కూలి పుచ్చుకోదు. మధ్యాహ్నం ఓ పళ్ళెం క్యాబేజీ నూడుల్స్ పెడితే చాలు, అందులో వెన్న తక్కువైతే మాత్రం మొహం మీదే అనేస్తుంది.

ఇంటి ముందు అద్దెకి దింపించుకునే ఇనప తొట్టిని, అదే డంప్‌స్టర్‌ని, జనం నింపే తీరు చూస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. "అద్దె కట్టింది గాలి మొయ్యడానికా?" అని నలుగురిలో దులిపేస్తుంది. ఆవిడ పద్ధతి ఆవిడకుంది. వెనక తలుపు తెరిచి బరువైనవి ముందు లోపలికి నడిపించి అడుగున సమంగా పరుస్తుంది. బల్లలకి కాళ్ళు ఊడబీకుతుంది, సోఫాల్ని రంపంతో కోస్తుంది, పలకల్లాంటివన్నీ గోడలకి ఆనించి నిలబెడుతుంది. సొరుగు కానీ పీపా కానీ, డొల్లగా ఉన్నదేదైనా సరే, చిల్లర సామాను కుక్కందే మూత పెట్టనివ్వదు. తొట్టి అంచు దాటి ఒక్క కర్ర పైకి లేచినా తీసుకెళ్ళే డ్రైవరు ముట్టుకోడు. ఆవిడ నింపిన తొట్టిని మాత్రం ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

అంత గట్టి మనిషికి ఆ ఏప్రిల్లో కంటి మీద కునుకు లేకుండా పోయింది. కారణం తమ్ముడు ఎమిల్.

ఎమిల్ ఆవిడకంటే మూడేళ్ళు చిన్న. గొట్టాల మిల్లులో బాయిలర్ల మధ్య పని చేసి చేసి చెవులు పోగొట్టుకున్నాడు, యంత్రాలు పెట్టుకుంటే తప్ప పిడుగు పడ్డా వినపడదు. భార్య ఆర్లీన్ పోయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఆ ఇంట్లోంచి ఒక్క వస్తువు బయటికి పోలేదు, కొత్తవి మాత్రం వస్తూనే ఉన్నాయి. పాత పేపర్లు, రేడియోలు, కాలు విరిగిన కుర్చీలు, ఎవరో వీధిలో పెట్టేసిన కుట్టుమిషన్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే పక్కకి తిరిగి పోవాలి. మార్చి నెలలో పొయ్యి పక్కనున్న పేపర్లు అంటుకున్నప్పుడు, మంటలార్పడానికి వచ్చినవాళ్ళకి వీధి తలుపు సగం కూడా తెరుచుకోలేదు. ఎమిల్ వంటింటి కిటికీలోంచి దూకి బతికాడు. ఏప్రిల్ నెలాఖరులోగా దారులు ఖాళీ చెయ్యకపోతే ఇంటికి సీలు వేస్తామని కాగితం అతికించి పోయారు.

ఆ రోజు నుంచి ఊళ్ళో సైరన్ మోగితే చాలు, వెర్నా ఫోన్ అందుకునేది. అవతల ఎమిల్ "ఏంటే?" అని విసుక్కునేదాకా ఆవిడకి ఊపిరాడేది కాదు. వాడు ఆ చెత్తలోనే కాలిపోతాడని ఆవిడ భయం. అందుకే వాణ్ణి బతిమాలి, బెదిరించి, మంగళవారం నాడు వాడి గుమ్మం ముందు తొట్టి దింపించింది.

మొదటిరోజు ఎమిల్ ప్రతిదానికీ అడ్డం పడ్డాడు.

"అది బాగుచెయ్యొచ్చే వెర్నా!"

"పదకొండేళ్ళ నుంచీ ఆ ముక్కే చెప్తున్నావు. జరుగు."

"ఆ రేడియోలో ఒక్క ట్యూబు పోయిందంతే!"

"నీ బుర్రలోనూ అంతే, ఒక్కటే పోయింది. జరగరా బాబూ, చెయ్యి నలుగుతుంది!"

రెండోరోజు వాడు నోరెత్తలేదు. మూడోరోజు వరండా మెట్ల మీద కూర్చుని, ఆవిడ మోసుకెళ్ళే ప్రతి వస్తువునీ తొట్టి దాకా కళ్ళతో సాగనంపాడు, అంతే. వెర్నాకి ప్రాణం హాయిగా అనిపించింది. దారికొచ్చాడనుకుంది. సామాను దగ్గర ఎన్నడూ పొరపడని మనిషి తమ్ముడి దగ్గర పొరపడింది.

గురువారం సాయంత్రానికి ఇల్లు నడవడానికి వీలైంది. తొట్టిలో ఇంక ఒకే ఒక్క డొల్ల మిగిలింది. అది ఆర్లీన్ బట్టల బీరువా, దేవదారు చెక్కది, నిలువెత్తుది. దాన్ని అన్నిటి మీదా వెల్లకిలా పడుకోబెట్టి, రెండు తలుపులూ బార్లా తెరిచి, రేపు పొద్దున్నే ఆర్లీన్ కోట్లు తెచ్చి ఇందులో కుక్కేద్దామనుకుని ఆవిడ ఇంటికి పోయింది.

శుక్రవారం తెల్లారి ఆరింటికి వచ్చి నిచ్చెనెక్కి చూస్తే బీరువా తలుపులు మూసి ఉన్నాయి. సందులోంచి నల్ల ఉన్నికోటు చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఉంది.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అని మురిసిపోయింది వెర్నా. చెప్పకుండా చేశాడు, కోట్లన్నీ తనే తెచ్చి కుక్కేశాడు! ఆ కోటు చెయ్యిని వేళ్ళతో లోపలికి తోసి, తలుపు అరచేత్తో నొక్కింది. నిండుగా, మెత్తగా ఆనింది. ఈ ఇంట్లో నా రక్తం ఒక్క చుక్కైనా ఉంది అనుకుంది. దాని మీద పాత చెక్క తలుపులు రెండు వేసింది, వాటి మీద తివాచీ చుట్టలు, పక్క సందుల్లో కుర్చీ కాళ్ళు, అన్నిటి పైనా ప్లైవుడ్ పలక. అంచుకి సరిగ్గా బెత్తెడు కిందకి వచ్చింది. చేతులు దులుపుకుని దిగింది.

ఏడింటికి ట్రక్కు వచ్చింది. డ్రైవరు రోస్కో టిబ్స్ ఆవిణ్ణి ఎప్పటినుంచో ఎరిగినవాడు.

"మీరు సర్దారా మిస్ వెర్నా? ఐతే నేను పైకెక్కి చూడక్కర్లేదు" అన్నాడు.

"ఎక్కినా నీ మోకాళ్ళు ఒప్పుకోవులే" అంది వెర్నా.

రోస్కో నవ్వి, రెంచీ తీసి తొట్టి గోడని మూడుసార్లు గట్టిగా బాదాడు. చెవి ఆనించి విన్నాడు. చలికి తొట్టెల్లో దూరి పడుకునేవాళ్ళు ఉంటారని అతనికది ఏనాటి నుంచో ఉన్న అలవాటు. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. కొక్కెం తగిలించడానికి వెళ్ళాడు.

తొట్టి తీసుకెళ్తున్నట్టు కాగితం మీద సంతకం ఎమిల్ పెట్టాలి. వెర్నా వాణ్ణి లేపడానికి లోపలికి వెళ్ళింది. మంచం మీద దుప్పటి మడిచి ఉంది. మంచం కింద బూట్లున్నాయి. వంటింటి బల్ల మీద కళ్ళజోడు, వాచీ, చెవి యంత్రాలు రెండూ, ఇంటి తాళంచెవి వరసగా పెట్టి ఉన్నాయి.

వాడు కళ్ళజోడు లేకుండా కాఫీ కప్పు కూడా వెతుక్కోలేడు. బూట్లు లేకుండా ఎక్కడికి పోయాడు? "ఎమిల్!" అని అరిచింది, అరిచాక గుర్తొచ్చింది వాడికి వినపడదని. అప్పుడు ఆవిడ కుడిచేతి వేళ్ళకి పొద్దుటి కోటు చెయ్యి తగిలినట్టైంది. ఏప్రిల్ పొద్దున, బయట రాత్రంతా ఉన్న ఉన్నికోటు చల్లగా ఉండాలి. అది వెచ్చగా ఉంది.

బయట ట్రక్కు ఇనప తాడుతో తొట్టిని పైకి లాగుతున్న మోత మొదలైంది.

వెర్నా ఎలా బయటపడిందో ఆవిడకే తెలీదు. తొట్టి ముందు భాగం అప్పటికే మనిషి ఎత్తు లేచింది. "ఆపు! రోస్కో, ఆపు! మనిషున్నాడు!" అన్న అరుపుకి వీధిలో కుక్కలు లేచాయి. రోస్కో మీట వదిలేశాడు. లోపల సామాను ఒక్కసారి కిర్రుమని వెనక్కి ఒరిగింది. వెర్నా తొట్టి పక్కకి ఉరికింది.

"దించు. మెల్లగా దించు. మెల్లగా!"

"వెనక తలుపు తీస్తానుండండి."

"తియ్యకు! మొత్తం కూలుతుంది. పైనుంచి తియ్యాలి."

రోస్కో ఫోన్లో అంబులెన్సుకి చెప్తూనే నిచ్చెన ఎక్కాడు. అప్పుడు మొదలైంది ఆవిడకి నరకం. ప్లైవుడ్ పలక రాలేదు. దాన్ని కుర్చీ కాళ్ళతో బిగించింది తనే. కుర్చీ కాళ్ళు రాలేదు. వాటిని తివాచీ చుట్టల కింద దూర్చింది తనే. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి కదలకుండా, వేలు దూరే సందు లేకుండా సర్దింది. ఇరవై తొమ్మిదేళ్ళ నేర్పుని గోళ్ళతో పీకుతూ "నేనేరా, నేనేరా పెట్టాను" అని తన్ను తాను తిట్టుకుంది. గోళ్ళు చీలి నెత్తురొచ్చింది. రోస్కో అందినదల్లా పచ్చిక మీదికి విసిరాడు. చివరి చెక్క తలుపు ఇద్దరూ కలిసి లాగారు.

బీరువా తెరవడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. తెరిస్తే తెలిసిపోతుంది. రోస్కోనే తెరిచాడు.

ఎమిల్ ఆర్లీన్ కోట్ల మీద పడుకుని ఉన్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి కదిలి అక్కని చూశాయి.

ఇద్దరూ పట్టి కిందికి దించి పచ్చిక మీద కూర్చోబెట్టారు. రోస్కో తన చొక్కా తీసి వాడి భుజాల మీద కప్పాడు. వెర్నా లోపలికి పరిగెత్తి చెవి యంత్రాలు తెచ్చి, తనే వాడి చెవులకి పెట్టింది.

"సామాను తీసుకుందామని దూరావు కదరా? నిద్ర పట్టేసింది, అంతే కదా?" అంది. అవునను, అవునను అని లోపల కొట్టుకుంటోంది.

ఎమిల్ తల అడ్డంగా తిప్పాడు.

"అతను బాదాడు కదరా. వినపడక పలకలేదు కదూ?"

"చెవులకి వినపడలేదు. వెన్నులో తెలిసింది. మూడుసార్లు." వాడి గొంతు మామూలుగానే ఉంది. "అంతకుముందు నువ్వు కోటు లోపలికి తోశావు. నీ వేళ్ళని తెలుసు."

"మరి పలకొచ్చు కదరా!"

"పలకాలనిపించలేదు వెర్నా."

రోస్కో మొహం పక్కకి తిప్పుకున్నాడు. నెల రోజులుగా వెర్నా సైరన్ వింటూ కూర్చుంది. మంట కోసం చెవి ఒగ్గి, వీడు మెట్ల మీద కూర్చుని మూగబోతే హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి మంటకంటే ఎక్కువ భయం వేసింది. వాడి మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టుకుంటోంది. వదిలితే ఆగిపోతుందేమో అన్నట్టు బిగించి పట్టుకుంది.

"నేను నిన్ను బతికించుకుందామని చేశానురా" అంది.

"తెలుసు. కానీ ఒక్కదాని గురించైనా నన్నడగలేదు."

కొండ కింద మలుపులో అంబులెన్సు సైరన్ మొదలైంది. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ రోస్కో, నోటికి అలవాటైన మాట అనేశాడు. "మరి... తొట్టి కోసం మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు, మిస్ వెర్నా?"

వెర్నా రోజు చెప్పబోయి ఆగింది. "నన్ను కాదు. వాణ్ణి అడుగు" అంది.

ఎమిల్ పచ్చిక మీద చెల్లాచెదురుగా పడ్డ సామానుని చూశాడు. కుర్చీ కాళ్ళని, తివాచీల్ని, రేడియోని ఒక్కొక్కటే చూశాడు. వద్దంటాడేమో, ఏమీ అనడేమో, మళ్ళీ ఆ మౌనంలోకే పోతాడేమో అని వెర్నా అంతసేపూ వాడి పెదాల వంకే చూసింది.

"సోమవారం" అన్నాడు ఎమిల్. "పదింటికి ముందు మాత్రం వద్దు. నేను లేవను."

వెర్నా వాడి భుజం మీద తల ఆనించి బావురుమంది. సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి, వాడు ఆ రోజుకి ఉంటానంటున్నాడు. మంగళవారం మాట ఆవిడకి తెలీదు. అంబులెన్సు వాళ్ళు వచ్చి చెయ్యి వదలమని రెండుసార్లు చెప్పారు. వదలనని చెప్పి, ఆవిడ కూడా ఎక్కి వాడి పక్కన కూర్చుంది.