ముందే పెట్టిన సంతకం

యూనిఫాం విప్పేసిన కొత్తలో మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వైమానిక దళంలో పదిహేనేళ్లు రవాణా విమానాల ఇంజన్ల కింద దూరి పనిచేసి, సార్జెంటుగా బయటికొచ్చి, భిలాయిలో మా అత్తవారింటికి దగ్గరగా కోహ్కాలో కాపురం పెట్టిన ఆ రోజుల్లో నాదీ అదే పరిస్థితి. పొద్దున్న అయిదింటికే లేచి బూట్లు మెరిపించి తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లే పని లేదని గుర్తొచ్చి విప్పేసేవాణ్ణి. వంటిల్లు సర్దేటప్పుడు గరిటెలూ చెంచాలూ లెక్కపెట్టేవాణ్ణి (పని ముగిశాక పనిముట్ల లెక్క తేలకపోతే విమానం కదలకూడదని మాకు నియమం). ఒకసారి చెంచా ఒకటి తక్కువైతే అది దొరికేదాకా స్టవ్ వెలిగించవద్దన్నాను. మా ఆవిడ ఆ పూట నాకూ చెంచాకీ కలిపి పస్తు పెట్టింది.

మాజీ సైనికుడంటే బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చునేవాడని మా వీధి అభిప్రాయం. పక్కింటి భయ్యా వారానికోసారి గోడ మీంచి తల పెట్టి, ఫలానా బ్రాంచిలో గన్‌మన్ ఖాళీ ఉంది, చెప్పమంటారా అని ప్రేమగా అడిగేవాడు. నాకేమో పౌర విమానాల ఇంజనీరు లైసెన్సు కావాలి. సైన్యంలో ఎన్ని ఇంజన్లు విప్పి బిగించినా బయట అది చెల్లదు. పరీక్షలు మళ్లీ మొదటినుంచి రాయాలి. రాయపూర్ విమానాశ్రయంలో మరమ్మతుల కంపెనీ ఒకటి, పేపర్లన్నీ పాసై రండి, వచ్చే బ్యాచిలో తీసుకుంటాం, ఆ తరువాతైతే మా చేతిలో లేదు అని చెప్పింది. అంటే నాకూ ఆ బ్యాంకు కుర్చీకీ మధ్య ఉన్నవి కొన్ని పేపర్లే.

వాటిలో ఒకటి, మనుషులు పనిలో ఎందుకు పొరపాట్లు చేస్తారన్న విషయం మీద. మొదటి దఫాలోనే అది మంచి మార్కులతో పాసయ్యాను. "అందులో మీరు చదవాల్సిందేటుందండీ, ప్రాక్టికల్ ఎప్పుడో అయిపోనాది కదా" అంది మా ఆవిడ. చివరికి మిగిలింది విమాన చట్టాల పేపరు. దుర్గ్‌లో రైలెక్కి కోల్‌కతా వెళ్లి రాశాను. సగం సమయంలోనే ముగించి, మిగతా సగం కిటికీలోంచి చూస్తూ ప్రభువుకు స్తోత్రాలు చెల్లించుకున్నాను. ఆ సమయంలో జవాబులు మరోసారి చూసుకుని ఉంటే ప్రభువు ఏమీ అనుకునేవాడు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

క్యాంప్ 2 బస్తీలో రేకుల కప్పు వేసిన హాలు మా తెలుగు క్రైస్తవ సంఘం. విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన పెద్దవాళ్లూ, వాళ్ల పిల్లలూ. పిల్లలు తెలుగు కీర్తనలను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు, ప్రభువుకు రెండూ వస్తాయి కనుక ఇబ్బంది లేదు. ఆ సంఘంలో ప్రార్థన మనవుల పుస్తకం అని ఒకటి ఉంది. దాన్ని చూసుకునేవాడు మా ఆవిడకు మేనమామ, ప్లాంటులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపి రిటైరైనవాడు. అందరికీ క్రేన్ మావయ్య. ప్లాంటులో షిఫ్టు పుస్తకం ఎలా ఉండేదో ఇదీ అలాగే గీశాడు. ఎడమవైపు తేదీ, మనవి. కుడివైపు జవాబుకీ సంతకానికీ ఒక గడి. జవాబు పొందినవాళ్లు నిలబడి సాక్ష్యం చెప్పి, ఆ గడిలో 'జవాబు వచ్చింది' అని రాసి సంతకం పెట్టి, అందరికీ తీపి పంచాలి. మోకాళ్ల నొప్పులు, కొళాయి కనెక్షన్లు, పెళ్లి సంబంధాలు, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. నా చట్టాల పేపరు కూడా.

కోల్‌కతానుంచి తిరిగొచ్చిన మర్నాడే ఆదివారం. పాస్టరు అయ్యగారు విశ్వాసం మీద వాక్యం చెప్పారు. అడిగింది చేతికి రాకముందే వచ్చిందని నమ్మాలన్నారు. చిన్నప్పటినుంచీ సండే స్కూల్లో కంఠస్థం పోటీల్లో బహుమతులు కొట్టినవాణ్ణి, ఆ మాట నాకు కొత్తేమీ కాదు. అయినా ఆ రోజు అది సూటిగా నాకోసమే వచ్చినట్టనిపించింది. సాక్ష్యాల సమయం రాగానే లేచి నిలబడ్డాను. చట్టాల పేపరు ప్రభువు పాస్ చేయించాడని చెప్పాను. హాలంతా ఆమేన్ అంది. మా ఆవిడ మాత్రం తలవంచుకుని కూర్చుంది (భక్తితోనే అనుకున్నాను). సంతకానికి వెళ్తే క్రేన్ మావయ్య కలం ఇవ్వకుండా, "రిజల్టొచ్చీసిందేటి బాబూ?" అన్నాడు. విశ్వాసంతో సాక్ష్యమిస్తున్నాను మావయ్యా అన్నాను. అందరి ముందూ విశ్వాసానికి అడ్డుపడ్డం ఎందుకనుకున్నాడేమో, కలం ఇచ్చాడు. 'జవాబు వచ్చింది' అని రాసి, సైన్యంలో పెట్టినట్టే సర్వీసు నంబరు వేసి మరీ సంతకం పెట్టాను. బయట కొట్లో వేడివేడి జిలేబీ తెప్పించి పంచాను.

తరువాత మూడు వారాలు నేను సంఘంలో ఇంజనీరు గారిని. ఒక సిస్టర్ మిక్సీ జారు తెచ్చి, ఇమానాలే బాగు సేత్తావు, ఇదొక లెక్కా అని ఒళ్లో పెట్టి వెళ్లింది. నాలుగో వారంలో ఫలితం వచ్చింది. ఫెయిల్. ఫోన్ తిప్పి చూశాను, పెద్దది చేసి చూశాను. ఎటు చూసినా అదే.

ఆ ఆదివారం నాకు జ్వరం వచ్చింది. "జొరం మీకా, పేపరుకా?" అని మా ఆవిడ నుదురు ముట్టుకోకుండానే అడిగి, తనొక్కతే కూడికకు వెళ్లింది. ఒక్కణ్ణీ మంచం మీద పడుకుని ఆలోచిస్తే, ఫెయిలైనందుకు అంత బాధ లేదు. పేపరు మళ్లీ రాయొచ్చు, బ్యాచి మొదలయ్యేలోగా ఇంకొక్క అవకాశం ఉంది. ఆ గడిలో ఉన్న సంతకమే కళ్ల ముందునుంచి కదల్లేదు. అది నా పరువే కాదు, ఆ పుస్తకం చూసి నమ్మకం తెచ్చుకునే ముసలమ్మలందరిదీ. మర్నాడు స్టేషనరీ కొట్టుకు వెళ్లి వైట్‌నర్ సీసా కొన్నాను. జేబులో పెట్టుకుని మావయ్య ఇంటికి వెళ్లి, విషయం చెప్పి, పుస్తకం ఒక్కసారి ఇమ్మన్నాను. మావయ్య సీసా అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, మందు సీసా చదివినట్టు చదివాడు.

"ఇమానం పుస్తకంలో తప్పు రాత్తే ఇదే పూసీత్తారేటి మీరు?"

లేదు మావయ్యా, అలా పూస్తే ఉద్యోగం పోతుంది, ఒక్క గీత గీస్తాం, కింద రాసింది కనబడాలి, పక్కన సంతకం పెడతాం అన్నాను.

"మరి దేవుడి పుస్తకం ఇమానం కంటే తక్కువేటి?"

సీసా మావయ్య చేతిలోంచి తిరిగి తీసుకోవడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. సైన్యంలో నేను సంతకం పెడితే దాని పైన వారంట్ ఆఫీసరు చూసి పెట్టేవాడు, ఆయన పైన ఇంజనీరింగ్ ఆఫీసరు. నా పైన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. ఇక్కడా నేను ముందు పెట్టేస్తే పైనున్నాయన తరువాత పెట్టేస్తాడనుకున్నాను. మావయ్య నవ్వలేదు. క్రేన్ లీవరు పట్టుకున్నట్టు కుర్చీ చేతిమీద చెయ్యి వేసి అన్నాడు.

"నానూ పార్దన సేసుకునే బరువెత్తీవోణ్ణి బాబూ. అలాగని దేవుడున్నాడు కదాని గాల్లో లీవరొగ్గీలేదు. అది కింద ఆనినాకే సెయ్యి తీసీవోణ్ణి."

ఆ తరువాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో మళ్లీ లేచాను. ఫెయిలయ్యానని చెప్పి, ప్రభువు మాట తప్పలేదు, ఆయన చెప్పని మాట ఆయన పేరు మీద నేనే చెప్పాను అని ఒప్పుకున్నాను. అందరూ చూస్తుండగా ఆ రాత మీదా సంతకం మీదా ఒక్క గీత గీసి, పక్కన మళ్లీ సంతకం పెట్టాను. ముందు వరసలో ఒక ముసలమ్మ పక్కావిడతో గుసగుస అనుకుని గట్టిగానే, "మరా రోజు తిన్న జిలేబీ ఏటవుద్దే?" అంది. మొదట అయ్యగారే నవ్వారు. ఆ తరువాత ఎవరూ ఆగలేదు. తిన్న జిలేబీ మీద గీత గీయడం ఏ చట్టంలోనూ లేదు కనుక దాన్ని సంఘం క్షమించింది. నా మనవి కొత్త వరసలో మళ్లీ రాశారు.

రెండోసారి చదువు వేరుగా సాగింది. బఠాణీలు ఒలుస్తూ మా ఆవిడ ప్రశ్నలు అడిగేది. నేను ధీమాగా తప్పు చెబితే ఒక కాయ నావైపు విసిరేది. నా తప్పులన్నిటికీ మూలం ఒకటేనని అప్పుడు తేలింది. ఏ చిక్కు వచ్చినా, పై అధికారికి తెలియజేయాలి అన్న జవాబు మీదికే నా చెయ్యి పోయేది. పౌర విమానానికి లైసెన్సున్న ఇంజనీరు సంతకమే ఆఖరుది, అతని పైన గడి లేదు. కోల్‌కతాలో ఈసారి ఆఖరి నిమిషం దాకా కుర్చీ వదల్లేదు. ఫలితం కాగితం తీసుకెళ్తే మావయ్య కళ్లజోడు తుడుచుకుని, పేరు, నంబరు, మార్కులు, కింద ముద్ర అన్నీ వేలు పెట్టి చూసి, అప్పుడిచ్చాడు కలం. జిలేబీ ఆ ముసలమ్మకు రెండు ఎక్కువ.

రాయపూర్ కంపెనీ ఆ బ్యాచిలోనే తీసుకుంది. అక్కడ పని చేసి, లైసెన్సు చేతికొచ్చి, మొదటిసారి ఒక విమానాన్ని నా సంతకంతో వదిలిన రోజు, చూసిందే మళ్లీ చూసి, కళ్లు మూసుకుని ప్రార్థించి, సంతకం పెట్టి, అలవాటుగా పై గడికోసం వెతికాను. "ఔర్ కిస్‌కా ఇంతజార్ హై, సాబ్?" అన్నాడు పక్కనున్న టెక్నీషియన్. ఇంకెవరికోసమూ ఎదురుచూడ్డం లేదన్నాను. అది పూర్తిగా నిజం కాదు.

ఇప్పుడు మావయ్యకు చూపు ఆనడం లేదని పుస్తకం నా దగ్గరికి వచ్చింది. కుర్రాళ్లు ఇంటర్వ్యూ ఇచ్చిన మర్నాడే కళ్లు మెరిపించుకుంటూ సాక్ష్యానికి వస్తారు. కాగితం ఏదీ అంటే ముఖం మాడ్చుకుంటారు, అంకుల్‌కు విశ్వాసం తక్కువని అనుకుంటారు కూడా. అలాంటి రోజున అందరూ వెళ్లాక పాత పేజీ తిప్పి చూసుకుంటాను. గీత కింద 'జవాబు వచ్చింది' అన్న అక్షరాలు ఇంకా చక్కగా కనబడుతున్నాయి. కొన్ని నెలలు ఆలస్యమైందే గాని అబద్ధమేమీ కాలేదు. నంబరుతో సహా ధీమాగా సంతకం పెట్టిన ఆ సార్జెంటుకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది. కానీ వాడు వినడు, జిలేబీ చల్లారిపోతోందని కొట్టు వైపు పరిగెడుతూ ఉంటాడు.