అన్నయ్య చెయ్యి చూపించిన కుప్ప

అన్నయ్య కర్మలు అయిన తరువాతి ఆదివారం, బిలాస్‌పూర్‌లో మా తెలుగు సంఘం సంతాప సభ పెట్టింది. ముఖ్య అతిథి చెరకు నుంచి ఇథనాల్ తీసే ఒక కర్మాగారం మేనేజరు. సంఘానికి కుర్చీలు కొనిచ్చింది ఆయనే కనుక పెళ్లికైనా చావుకైనా ఆయనే ముఖ్య అతిథి.

అన్నయ్య గూడ్స్ గార్డుగా రిటైరయ్యాడు. ఉద్యోగమంతా బొగ్గు వెనకే తిరిగాడు. నిరుటి వానాకాలంలో సంఘం వాళ్లు బస్సు వేసుకుని ఆ కర్మాగారం చూడబోతే తనూ వెళ్లాడు. చెరకు ఆడే నెలల్లో దాని పిప్పే బాయిలర్‌లో మండుతుందని, బయటి ఇంధనం పెద్దగా అక్కర్లేదని మేనేజరు చెప్పాడట. అది నిజమే. అన్నయ్య మెచ్చుకున్నాడు కూడా. తరువాత షెడ్డు వెనక్కి చూసి, "మరి ఇదేటి?" అని చెయ్యెత్తాడు. అక్కడ టార్పాలిన్ కింద బొగ్గు కుప్ప ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో గ్రూప్ ఫొటో తీశారు.

ఊరి శివారు లాల్‌ఖదాన్‌లోని ఇంటికొచ్చి వదినకూ నాకూ చెప్పి నవ్వాడు. "ఇన్నేళ్లూ నేను మోసిన బొగ్గే. ఇప్పుడు చెరకు చొక్కా తొడుక్కుంది."

సభలో పెట్టిన ఫ్లెక్సీ ఆ ఫొటోలోంచి కత్తిరించిందే. కుప్ప పోయింది, చెయ్యి మిగిలింది. వెనక పచ్చటి ఆకులు చేర్చారు. ఎవర్నీ దీవించని మనిషి అందర్నీ దీవిస్తున్నట్టున్నాడు.

"హరిత ఇంధనాన్ని మనసారా నమ్మిన మహనీయుడు," అన్నాడు మేనేజరు. "ఆ చెయ్యి చూడండి, భావితరాలకు దారి చూపిస్తోంది."

వెనక వరసలోంచి ఒకాయన, "ఇథనాల్ కలిపిన పెట్రోలుతో నా స్కూటర్ మునుపటంత దూరం పోవట్లేదు సార్," అన్నాడు.

"దూరం తగ్గితే తిరుగుడు తగ్గుతుంది. అదీ పర్యావరణానికి మంచిదే."

సంతాప సభలో అందరూ నవ్వారు. చెరకు తాగే నీళ్ల గురించి, డిస్టిలరీ వదిలే నల్లటి మురుగు గురించి ఎవరూ ఎత్తలేదు. నీళ్ల బాటిళ్లు మాత్రం అందరికీ అందాయి.

నా బాధ ఒక్కటే. అన్నయ్య ఇక కాదనలేడు. ఈ రోజు ఇక్కడ ఏం చెబితే అదే ఆయన మాటగా నిలిచిపోతుంది. ఆ మాటే అందామని లేవబోయాను. అప్పటికే మేనేజరు దండ పట్టుకుని ఫ్లెక్సీ దగ్గరకు వెళ్లాడు.

"ఆగండి బాబూ," అంది ముందు వరసలో కూర్చున్న వదిన. "ఆ చెయ్యి దేన్ని చూపిస్తందో మీకు తెల్దా? ఆ రోజు పక్కనే ఉన్నారు గదా."

"భవిష్యత్తునమ్మా."

"అచ్ఛా. భవిష్యత్తు టార్పాలిన్ కింద ఉంటాదేటి?"

మేనేజరు దండను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"బొగ్గమ్మా," అన్నాడు. "చెరకు లేని నెలల్లో మట్టుకే. తాత్కాలికంగా."

"మైకులో చెప్పండి."

చెప్పాడు.

"ఇప్పుడు వెయ్యండి దండ," అంది వదిన.