ఏ ఆకు తిప్పాలి?

బాంబూఫ్లాట్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే ఫెర్రీలో పిల్లల ఇంగ్లీషు నోటుపుస్తకాలు దిద్దుకుంటున్నాను. పక్కన కూర్చున్న నడివయసు మనిషి చాలాసేపు చూసి, "దీదీ, మీరు టీచరా?" అని అడిగాడు. అవునన్నాను.

"తాగుడు మానేసినానని సాబ్ మళ్లీ పన్లోకి తీసుకున్నాడు. 'టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్' అన్నాడు. లీఫంటే ఆకని తెలుసు. మగర్ ఏ ఆకు తిప్పాలి?"

నవ్వు ఆపుకున్నాను. "ఇక్కడ లీఫంటే పుస్తకంలో కాగితం. కొత్త పేజీ తిప్పి మళ్లీ మొదలుపెట్టమని అర్థం."

"పాత పేజీ సింపెయ్యాలా?"

"అక్కర్లేదు. అది పుస్తకంలోనే ఉంటుంది."

"అయితే నా సేతి దెబ్బలు తిన్న మా ఇంటిది కూడా అందులో ఉంటాదన్నమాట. డెలానీపూర్‌లో ఆళ్లన్న ఇంటికాడుంది. తీసుకురాడానికే ఎల్తన్నాను."

"వస్తుందేమో ముందు ఆవిడను అడగండి," అన్నాను.

"అడగాలి," అన్నాడు మెల్లగా. ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది.

జెట్టీ దగ్గర అందరూ తోసుకుంటూ దిగారు. అతను మాత్రం అందరూ దిగేదాకా కదల్లేదు.

ఆమె వచ్చిందో లేదో నాకు తెలియదు. క్లాసులో ఆ మాట వచ్చినప్పుడు మాత్రం, పిల్లలెవరూ అడక్కపోయినా, పాత పేజీ గురించి కూడా చెబుతుంటాను.