ముజియో బుడగల వైద్యం

క్లాతెన్ ఊరి బజారులో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే ముజియోకి ఒక్కటే పిచ్చి. జాడీలో సోడా ఉప్పు కలిపిన నీళ్లు పోసి, రెండు స్టీలు చెంచాలు దించి, వాటికి బ్యాటరీ తీగలు తగిలిస్తాడు. నీళ్లు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోయి బుసబుస పైకొస్తుంటే పసిపిల్లను చూసినట్టు మురిసిపోతాడు. ఆ వాయువుతో సబ్బు నురగ పొంగించి, అగ్గిపుల్లతో ఢామ్మనిపించి, ఎక్కిళ్లతో వచ్చినవాళ్లను హడలగొట్టి నయం చేస్తాడు. అందుకే ఆయన కనుబొమలు ఎప్పుడూ సగమే ఉంటాయి.

మొన్న పెళ్లి పందిట్లో పెళ్లికొడుకు పురొమోకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. పెళ్లికి ఒప్పుకునే మాట ఒక్క గుక్కలో చెప్పాలి. ఎన్నిసార్లు మొదలెట్టినా "ఈ పెళ్లి నాకు... హిక్!" దగ్గరే ఆగిపోతోంది. ఖాజీ విసిగి లేవబోయాడు. పెళ్లికూతురు రతీహ్ ఏడుపుగొంతుతో, "ముజియో బాబాయ్, నీ బుడగలేవీ?" అంది. ముజియో పరుగున జాడీ తెచ్చి, గిన్నెడు నురగ పొంగించి, కర్రకు కట్టిన అగ్గిపుల్ల అంటించాడు. పందిరి అదిరిపోయింది. పురొమో ఎగిరిపడి మాట మొత్తం ఒక్క గుక్కలో అనేశాడు.

"సాక్షులూ, విన్నారా?" అన్నాడు ఖాజీ.

సాక్షులిద్దరూ చాప కిందనుంచి తలలు బయటపెట్టి, చెవుల్లో వేళ్లు ఆడించుకుంటూ, "ఏంటీ? కాస్త గట్టిగా చెప్పండి!" అన్నారు.

ముజియో హుషారుగా మళ్లీ చెంచాలు దించాడు. రతీహ్ ఆయన చేతిలోని అగ్గిపెట్టె లాక్కుంది.

"నువ్వు కూర్చో బాబాయ్! ఏమండీ, మీరు వాళ్ల చెవుల్లో అరవండి."